హాజ్జా కొడుకు నది దగ్గరున్నాడు

తొంభైల మధ్యలో నేను ఒమాన్ దేశంలో, సోహార్‌లో ఒక ఆసుపత్రి లేబర్ రూమ్‌లో నర్సుగా ఉండేదాన్ని. మాది నరసాపురం వైపు. మా ఇన్‌చార్జి సూడాన్ దేశపు పెద్దావిడ. హజ్ యాత్ర చేసొచ్చినావిడ కాబట్టి ఆసుపత్రిలో అందరూ ఆవిడను హాజ్జా అనే పిలిచేవారు. భారీ మనిషి. నడక నెమ్మది, మాట ఇంకా నెమ్మది. యూనిఫాం మీద తెల్లటి పొడవాటి వస్త్రం మా చీరలాగే ఒళ్లంతా చుట్టుకునేది. కడుపు మీద అరచెయ్యి ఆనించి, బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పేసేది. నన్ను "బింతీ" అని పిలిచేది, అంటే నా కూతురా అని. నాకు అప్పటికి అరబిక్ అంతంతమాత్రం. ఆవిడ ఇంగ్లీషు, నా అరబిక్ కలిపి పని కానిచ్చేవాళ్లం.

మధ్యాహ్నం టీ వేళకి ఆవిడ తన చిన్న రేడియో పెట్టుకునేది. లండన్ నుంచి వచ్చే అరబిక్ వార్తలు ఒకసారి, వాళ్ల దేశపు రేడియో ఒకసారి. వార్తలు నడుస్తున్నంత సేపూ గ్లాసులో టీ అలాగే ఉండిపోయేది. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏమైంది హాజ్జా, రోజూ ఇంత దిగులుగా వింటున్నారు?"

"నా చిన్నకొడుకు నది దగ్గరున్నాడు" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ల దేశంలో ఉత్తరం వాళ్లకీ దక్షిణం వాళ్లకీ ఏళ్ల తరబడి యుద్ధం. ఆ ఏడు ఆ యుద్ధం దక్షిణాన ఒక నది దగ్గరికొచ్చి ఆగిపోయింది. నైలులో కలిసే పాయల్లో అదొకటి. ఉత్తరపు గట్టున ప్రభుత్వ సైన్యం, దక్షిణపు గట్టున తిరుగుబాటుదారులు. నడుమ ఉన్న వంతెన కూల్చేశారు. వానలు పట్టుకున్నాక ఇటువాళ్లు అటు పోలేరు, అటువాళ్లు ఇటు రాలేరు. గట్టు మీంచి గట్టు మీదికి గుళ్లు మాత్రం దాటుతూనే ఉన్నాయి. నెలలు గడిచినా వార్తల్లో అదే నది పేరు వచ్చేది. ఆవిడ కొడుకు స్కూలు చదువు అప్పుడే పూర్తి చేశాడు. కాలేజీలో సీటు కావాలంటే ముందు సైనిక శిక్షణ చేయాలన్నారు. శిక్షణ అయ్యాక ఇంటికి పంపిస్తారనుకుంటే అటునుంచి అటే దక్షిణానికి ఎక్కించారు.

"వాడికింకా గడ్డం కూడా సరిగ్గా రాలేదు. నువ్వు చర్చికి వెళ్తావుగా. వాడి కోసం ప్రార్థన చెయ్యి. ప్రార్థన ఎవరు చేసినా పైకే వెళ్తుంది" అంది.

చేస్తానన్నాను.

మా ప్రార్థన కూడిక శుక్రవారం పొద్దున జరిగేది. ఒక తెలుగు నర్సు వాళ్ల ఫ్లాట్‌లో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. దాదాపు అంతా గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లమే. ఒక్కడే వేరే మనిషి. మా ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. చాలా పొడగరి, నుదుటి మీద అడ్డంగా గీతల్లా పాత గాట్లు. గోడకి ఆనుకుని వెనక కూర్చుని, మేము తెలుగులో పాడుతుంటే రాగం పట్టుకుని తన భాషలో సన్నగా పాడేవాడు. అతన్ని బ్రదర్ అనేవాళ్లం. ఆఫ్రికా మనిషని తప్ప ఏ దేశమో నేనెప్పుడూ అడగలేదు.

ఆ శుక్రవారం ప్రార్థన మనవులు చెప్పుకుంటున్నప్పుడు అతను మొదటిసారి నోరు విప్పాడు.

"మా తమ్ముడి కోసం ప్రార్థించండి. పశువుల డాక్టరు చదువుదామనుకున్నవాడు తుపాకీ పట్టుకున్నాడు. సూడాన్‌లో ఒక నది ఉంది. దాని దక్షిణపు గట్టున ఉన్నాడు."

నది పేరు కూడా చెప్పాడు. నేను కళ్లు తెరిచి చూశాను. రోజూ హాజ్జా రేడియోలో వింటున్న పేరే.

అప్పుడు అర్థమైంది, శాంపిళ్లు తీసుకెళ్లడానికి అతను మా వార్డుకి వచ్చినప్పుడల్లా హాజ్జా ఎందుకు అల్మరా వైపు తిరిగిపోయేదో, అతనెందుకు గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడో. ఒకే దేశం వాళ్లు, ఒకే భాష తెలిసినవాళ్లు. ఒకరికొకరు సలాం చెప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మా వార్డు తుడిచే క్లీనింగ్ కంపెనీ మనిషి ఒకాయన ఉండేవాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు, నాకన్నా పదేళ్లు పెద్ద. అయినా నన్ను అక్కా అనేవాడు. నా ముఖం చూసి ఆయనే పట్టేశాడు.

"ఏమైందక్కా, గట్ల పరేషాన్‌గ ఉన్నవ్?"

చెప్పాను. మాప్ కర్ర గోడకి ఆనించి విన్నాడు.

"మా దిక్కు సుత గట్లనే అక్కా. గోదావరి అవుతలి అడివిల అన్నలు, ఇవుతల పోలీసోళ్లు, నడుమ మా ఊరు. ఒకలొచ్చి బువ్వ పెట్టుమంటరు. ఇంకొకలొచ్చి ఎందుకు పెట్టినవని కొడ్తరు. గందుకే నేను ఎడారిల వచ్చి పడ్డ." నా వైపు తిరిగి అడిగాడు. "ఇంతకూ నువ్వెవలి కోసం మొక్కుతున్నవ్?"

"ఇద్దరి కోసమూనండి."

"గట్ల మొక్కితె దేవునికి సుత ఎటు చేసుడో సమజ్ కాదు" అని మాప్ అందుకున్నాడు.

ఆ మాటకి నవ్వాను గానీ, ప్రార్థనకి కూర్చుంటే నిజంగానే మాటలు దొరికేవి కావు. ఇటు గట్టువాళ్లు గెలవాలంటే అటు గట్టువాళ్లు చావాలి. చివరికి ఇద్దరి ముఖాలూ తలుచుకుని ఊరుకునేదాన్ని.

వానలు తగ్గాక ఒకరోజు వాళ్ల దేశపు రేడియో పెద్ద వార్త చెప్పింది. సైన్యం నది దాటిందనీ, అవతలి గట్టు చేతికొచ్చిందనీ. హాజ్జా మనిషి మారిపోయింది. ఆ సాయంత్రం డ్యూటీకి రవ్వతో చేసిన పాకం మిఠాయి పెద్ద ట్రేలో తెచ్చింది. ఒమానీ తల్లులకీ, డాక్టర్లకీ, నర్సులకీ తనే పంచింది. ఇక యుద్ధం అయిపోతుంది, పిల్లలంతా ఇళ్లకొస్తారని అందరికీ చెప్పింది.

సరిగ్గా అప్పుడే బ్రదర్ శాంపిళ్ల కోసం వచ్చాడు. కొత్తగా చేరిన ఫిలిప్పీన్స్ నర్సు ఒకమ్మాయి, ఏమీ తెలియక, ఓ ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"హాజ్జా వాళ్ల సైన్యం గెలిచిందట, తినండి" అంది.

అతను చేతిలో ముక్క వైపు చూశాడు, తర్వాత హాజ్జా వైపు చూశాడు. హాజ్జా ట్రే పట్టుకుని నిలబడిపోయింది. అతను ఆ ముక్కను జాగ్రత్తగా తిరిగి ట్రే అంచున పెట్టి, శాంపిళ్ల డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు తర్వాత మా వార్డు శాంపిళ్ల కోసం వేరే అతను రావడం మొదలుపెట్టాడు.

గెలుపు వార్త నిలబడలేదు. లండన్ రేడియో వేరే రకంగా చెప్పింది. నది దాటిన దళాలను అవతలివాళ్లు లోపలికి రానిచ్చి చుట్టుముట్టారట. వెనక నది, ముందు శత్రువు. ఆ తర్వాత వాళ్ల దేశపు రేడియో ఆ నది పేరే ఎత్తడం మానేసింది. ఊళ్లో ఉన్న భర్తకి హాజ్జా వారం వారం ఫోన్ చేసేది. ఆయన స్కూలు మాస్టారు. కబురేమీ లేదన్న మాటే ప్రతిసారీ.

ఒకరోజు ఫోన్ మాట్లాడి వచ్చి డ్రెస్సింగ్ రూమ్‌లో స్టూలు మీద కూర్చుండిపోయింది. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. తాగలేదు.

"ఇంటికి ఆఫీసర్లు వచ్చారట. వాడు అమరవీరుడయ్యాడని చెప్పారట. ఏడవకూడదన్నారట. అమరవీరుడికి స్వర్గంలో పెళ్లి, కాబట్టి ఇంట్లోనూ పెళ్లిలాగే చెయ్యాలన్నారట. వాళ్లే డప్పులు తెచ్చారట, పంచదార బస్తా దించారట. మా ఆయన గుమ్మంలో నిలబడి, నా కొడుకేడీ, చూపించండి అన్నాడట. శవం లేదన్నారట."

"హాజ్జా..."

"శవం లేదు కదా బింతీ. చూడకుండా నేనెలా నమ్ముతాను?"

ఆవిడ మర్నాడు కూడా డ్యూటీకి వచ్చింది. నలుగురు తల్లులకి కాన్పు చేసింది. తిండి మాత్రం మానేసింది. చుట్టుకున్న తెల్ల వస్త్రం రోజురోజుకీ వదులైపోతోంది.

తర్వాత ఎవరో సూడాన్ టీచరమ్మ చెప్పింది, నది దగ్గర చిక్కుకున్నవాళ్లలో చాలామందిని అవతలివాళ్లు చంపకుండా పట్టుకుపోయారని. ఆ మాట వినగానే హాజ్జా నన్ను పక్కకి పిలిచింది.

"ల్యాబ్‌లో ఉన్న అతను నీ ప్రార్థనకి వస్తాడు కదా. వాళ్ల మనుషులకి అతని మాట చేరుతుంది. అడుగుతావా? నేను అడిగితే ముఖం కూడా చూడడు."

నేను ల్యాబ్‌కి వెళ్లాను. రక్తం గొట్టాలు తిప్పే మిషన్ గిర్రుమంటోంది. అది ఆగేదాకా అతను నా మాట విన్నాడు. ఆగాక మూత తీసి ఒక్కో గొట్టమూ స్టాండులో పెట్టాడు. నేను చెప్పింది వినిపించలేదేమో అనుకున్నాను.

"మా తమ్ముడు పోయాడు సిస్టర్" అన్నాడు. "అదే నది దగ్గర. పడవ మీద గుండు పడిందట. శవం కూడా దొరకలేదు."

"ఎప్పుడు? కూడికలో చెప్పలేదేం?" అన్నాను.

"చెప్పి ఏం చెయ్యను? మీరంతా ఏడుస్తారు. నేను మిమ్మల్ని ఓదార్చాలి." కాగితం మీద ఏదో రాసుకుంటూ, తలెత్తకుండా అన్నాడు. "ఆవిడ్నే వచ్చి అడగమనండి."

తిరిగొచ్చి హాజ్జాకి రెండు మాటలూ చెప్పాను. తమ్ముడి సంగతి వినగానే ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. ఇక అడగడానికి వెళ్లదనే అనుకున్నాను. కానీ వస్త్రం తల మీదికి సర్దుకుని, "నువ్వూ రా" అంది.

ల్యాబ్ గుమ్మంలో మమ్మల్ని చూసి అతను లేచి నిలబడ్డాడు. వాళ్ల దేశంలో పరామర్శకి వెళ్తే ముందు రెండు అరచేతులూ పైకెత్తి ఖురాన్ వాక్యం చదువుతారట. హాజ్జా అలవాటుగా చేతులెత్తింది. అంతలో అతను క్రైస్తవుడని గుర్తొచ్చినట్టుంది. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. దించాలో ఉంచాలో తెలియక అలాగే ఉండిపోయింది. అతను ఒక క్షణం చూశాడు. తర్వాత తన చేతులు కూడా అలాగే పైకెత్తాడు. ఆవిడ పెదాలు కదిలాయి. అయ్యాక ఇద్దరూ చేతులు దించారు.

"దేవుడు నీకు ఓర్పునివ్వాలి నాయనా" అంది ఆవిడ.

"మీ అబ్బాయి పూర్తి పేరు, తాత పేరుతో సహా చెప్పండి" అన్నాడు అతను. కొడుకు గురించి ఆవిడ నోరు తెరవకముందే.

అతని మేనమామ నైరోబీలో సహాయ సంస్థల దగ్గర పనిచేసేవాడు. అక్కడి నుంచి వైర్‌లెస్‌లో లోపలి ఊళ్లకి మాట వెళ్తుంది. ఆయనతో తీరిగ్గా మాట్లాడాలంటే మంచి లైను కావాలి. మా కూడికకి అప్పుడప్పుడు వచ్చే తెనాలి అన్నయ్యగారు ఒకాయన మస్కట్‌లోని ఖురంలో ఒక కంపెనీకి అకౌంటెంటు. శుక్రవారం ఆఫీసు ఖాళీగా ఉంటుంది, రమ్మన్నారు.

ముగ్గురం టాక్సీలో బయలుదేరాం. అతను ముందు సీట్లో, హాజ్జా, నేను వెనక. దారి పొడవునా ఒక పక్క ఖర్జూర తోటలు, ఇంకో పక్క బోడి కొండలు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. టాక్సీ నడిపేది ఒమానీ పెద్దాయన. కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"మీరిద్దరూ సూడానీలా? చుట్టాలా?"

అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. హాజ్జాయే జవాబిచ్చింది.

"ఒకే దేశం వాళ్లం."

అతను తల తిప్పలేదు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఖురంలో ఆఫీసు తలుపు తీసి అన్నయ్యగారు మమ్మల్ని కూర్చోబెట్టి, పక్క గదిలోకి తప్పుకున్నారు. నైరోబీ లైను కలవడానికి చాలాసేపు పట్టింది. కలిశాక అతను వాళ్ల మాతృభాషలో మాట్లాడాడు. హాజ్జాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అతని గొంతు ఒకసారి పెరుగుతోంది, ఒకసారి తగ్గుతోంది. మధ్యలో కళ్లు మూసుకున్నాడు. హాజ్జా నా మణికట్టు పట్టుకుంది. గాజు చర్మంలోకి దిగింది గానీ వదలమని అనలేకపోయాను.

"ఏమంటున్నాడు?" అంది నా చెవిలో.

"నాకూ తెలియదు హాజ్జా."

అతను రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి మావైపు తిరిగాడు.

"నది దగ్గర పట్టుబడ్డవాళ్లు ఉన్నారు. ఈ పేరు గలవాళ్లు ఒకరు కాదు, చాలామంది ఉన్నారట. అబద్ధం చెప్పేవాళ్లూ ఉంటారు. మీ అబ్బాయికి తప్ప ఎవరికీ తెలియని ప్రశ్న ఒకటి చెప్పండి. అడిగిస్తారు."

హాజ్జా కళ్లు దించుకుని ఆలోచించింది. అవతల లైను బుసబుసమంటోంది.

"చిన్నప్పుడు మేడ మీంచి పడ్డావు కదా, నిన్నెవరు నా దగ్గరికి తీసుకొచ్చారు, ఎలా తీసుకొచ్చారు అని అడగమను."

అతను అది ఫోన్లో చెప్పి, మళ్లీ తిరిగాడు. "జవాబేమిటి?"

"చెప్పను" అంది. "నేను చెబితే ఎవరైనా వాడి బదులు ఆ మాట పలకవచ్చు."

ఆ గదిలో ఆ మాట ఎంత గట్టిగా తగిలిందో నాకు తెలుసు. తమ్ముణ్ని పోగొట్టుకుని, ఈవిడ కోసం ఇంత దూరం వచ్చినవాడితో అన్న మాట అది. అతను ఆవిడ ముఖంలోకి చూశాడు.

"సరే. నేనైనా అలాగే అనేవాణ్ని" అని ఫోన్ పెట్టేశాడు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ల్యాబ్ నుంచి ఎవరొచ్చినా హాజ్జా తల తలుపు వైపు తిరిగేది. జవాబేమిటో నాతో కూడా అనలేదు. నేనూ అడగలేదు. రేడియో పెట్టడం మానేసింది.

ఒక ఉదయం లేబర్ రూమ్‌లో కష్టమైన కాన్పు నడుస్తోంది. తొలిచూలు పిల్ల, బిడ్డ తల బయటికి వచ్చింది గానీ మెడకి పేగు చుట్టుకుని ఉంది. హాజ్జా వంగి ఆ పేగు కింద వేలు పోనిస్తోంది. అప్పుడు బయటి తలుపు తట్టిన చప్పుడు. మగవాళ్లు ఆ తలుపు దాటి లోపలికి రాకూడదు. నేను వెళ్లి ఓరగా తీశాను. బ్రదర్. మెట్లెక్కి పరుగున వచ్చాడేమో, ఒగరుస్తున్నాడు.

"నైరోబీ నుంచి కబురొచ్చింది. 'పాలవాడు, గాడిద మీద' అని జవాబు చెప్పాడట. సరైనదేనా?"

"నాకేం తెలుసు?" అన్నాను. నిజంగానే తెలియదు.

లోపలికి వచ్చాను. హాజ్జా తలెత్తలేదు. నా అడుగుల చప్పుడు విని అడిగింది.

"అతనేనా?"

"అవును."

"చెప్పు."

"ఇది అయ్యాక చెప్తాను హాజ్జా."

"చెప్పమన్నాను."

"పాలవాడు. గాడిద మీద."

ఆవిడ వేళ్లు ఆగలేదు. పేగును మెల్లగా బిడ్డ తల మీంచి తప్పించింది. "ఇప్పుడు ముక్కమ్మా, ఇప్పుడు" అంది తల్లితో, అదే నెమ్మదైన గొంతుతో. బిడ్డ జారి చేతుల్లోకి వచ్చింది. నీలంగా ఉంది. వీపు రుద్దింది, కాళ్లు తట్టింది. ఎంతసేపటికో బిడ్డ ఏడ్చింది. బొడ్డు కోసి, బిడ్డను నా చేతికిచ్చి, గ్లవ్స్ విప్పి, తలుపు తీసుకుని బయటికి వెళ్లింది.

అతను అక్కడే ఉన్నాడు. ఆవిడ ఏదో చెప్పబోయి చెప్పలేక, గోడ పట్టుకుని కారిడార్లో నేల మీద కూర్చుండిపోయింది. అంత పెద్ద మనిషి. అతను కూడా ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అటు వచ్చిన మా క్లీనింగ్ ఆయన బకెట్టు పక్కన పెట్టి, అటుగా వచ్చేవాళ్లని వేరే దారిలో పొమ్మని చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.

ఆ పాలవాడి కథ హాజ్జా తర్వాత చెప్పింది. పిల్లవాడు మేడ మీంచి పడినప్పుడు తండ్రి స్కూల్లో, తను ఆసుపత్రి డ్యూటీలో. వీధిలో గాడిద మీద పాలు అమ్మేవాడు క్యాన్లు దించేసి, వాణ్ని గాడిద మీద కూర్చోబెట్టుకుని, సరాసరి ఆవిడ వార్డు గుమ్మం దాకా తోలుకొచ్చాడట. ఆ రోజు పాలన్నీ ఎండలో విరిగిపోయాయట.

కొడుకు బతికున్నాడని తెలిసిందే గానీ వెంటనే రాలేదు. ఖైదీగా ఏళ్లు ఉన్నాడు. ఎప్పుడో ఒకసారి నైరోబీ నుంచి ఒక మాట వచ్చేది, మలేరియా వచ్చి తగ్గిందనో, అక్కడి పిల్లలకి లెక్కలు చెబుతున్నాడనో. అది అతను ల్యాబ్ నుంచి వచ్చి గుమ్మం దగ్గర చెప్పేవాడు, ఆవిడ టీ ఇచ్చేది. యుద్ధం గురించి మాత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎవరిది న్యాయమన్న దగ్గర వాళ్లు ఒక్క అంగుళం కూడా కదల్లేదని నాకు తెలుసు. ఆవిడ మళ్లీ పెట్టుకోవడం మొదలుపెట్టిన రేడియోలో ఒకసారి యుద్ధం వార్త ఏదో వచ్చింది. అతను టీ సగం వదిలేసి వెళ్లిపోయాడు. వారం దాకా రాలేదు. తర్వాత మళ్లీ వచ్చాడు.

అతనికి కెనడాలో ఆశ్రయం దొరికి వెళ్లేముందు నేను అడిగాను, అంత దుఃఖంలో ఆవిడకి ఎందుకు సాయం చేశారని.

"మా తమ్ముడి గురించి నాకిక అడగడానికేమీ మిగల్లేదు సిస్టర్. అడగడానికి ఇంకొకరి కొడుకు ఉన్నాడు" అన్నాడు.

హాజ్జా కాంట్రాక్టు అయిపోయి దేశం వెళ్లిపోయింది. తొంభైల ఆఖరులో ఒక శుక్రవారం మా ఫ్లాట్‌కి ఫోన్ చేసింది. కొడుకు ఇంటికొచ్చాడట. ఖైదీలుగా ఉన్న కుర్రాళ్లని విడిపించి విమానంలో దించారట.

"ఎలా ఉన్నాడు హాజ్జా?"

"సన్నగా ఉన్నాడు. తింటాడు. గదిలో పడుకోడు, వాకిట్లో మంచం వేసుకుంటాడు. కాలేజీకి వెళ్తున్నాడు గానీ వంతెన దాటడు."

వాళ్ల ఊరి నడుమ నుంచే నైలు పారుతుందని నాకు తెలుసు. కాలేజీ అవతలి ఒడ్డున ఉందని ఎప్పుడో చెప్పింది.

"మరి ఎలా వెళ్తున్నాడు?"

"వంతెన మీద వాళ్ల నాన్న పక్కన నడుస్తాడు. వీడు కళ్లు మూసుకుని ఆయన భుజం పట్టుకుంటాడు" అంది. "ముసలాయనకి మోకాళ్ల నొప్పులు. అయినా రోజూ వెళ్తున్నాడు."